తెడ్డు చెప్పిన మూడు చోట్లు

ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. చదువులో నేను నేర్చుకున్న మొదటి నియమం ఇదే. తొమ్మిదో తరగతిలో స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టినప్పుడు 'తండ్రి విద్యార్హత' అన్నచోట ఏం రాయాలో తెలియక వదిలేశాను. దరఖాస్తు తిరిగొచ్చింది. ఆ ఏడాది స్కాలర్‌షిప్ పోయింది. లెక్కల మాస్టారు పక్కకి పిలిచి, ఏమీ లేకపోతే 'లేదు' అని రాయాలమ్మా, మనలాంటివాళ్ళ కాగితం వెనక్కి పంపడానికి వాళ్ళకి ఒక్క ఖాళీ చాలు అన్నారు. ఆ తర్వాత కాలేజీలోగానీ, ఉద్యోగంలోగానీ, ఆఖరికి రైలు రిజర్వేషన్ కాగితంలోగానీ నేను ఏ గడీ వదల్లేదు.

ఆ అలవాటు మొరావె దీవుల్లో పదకొండు వేలమంది కంచాల్లోంచి చేపని తీసేసింది. అదెలా జరిగిందో దాచకుండా రాస్తున్నాను.

నా పేరు సూరాడ నూకరత్నం. మాది కొత్తమొగ, ఏరు వచ్చి సముద్రంలో కలిసేచోట ఉన్న జాలరిపేట. మా పేటలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా అయ్య ఎల్లాజి నలభై ఏళ్ళు వేటకెళ్ళాడు. ఇంజను పడవలొచ్చాక కూడా ఆయన అలవాటు ఒకటి మారలేదు. నడిసముద్రంలో ఇంజను ఆపించి, తెడ్డును నీళ్ళలోకి నిలువుగా దించి, పిడిని చెవి వెనకాల ఎముకకి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. కింద గొరక చేపలు గురకపెడుతున్నాయో, కానాగంతలు వెళ్తుంటే నీళ్ళు చిటపటమంటున్నాయో ఆ కర్ర ఆయనకి చెప్పేది. చిన్నప్పుడు నన్నూ వినమనేవాడు. నాకు మొదట్లో నా గుండె చప్పుడే వినిపించేది. తర్వాత తర్వాత సముద్రం వినిపించింది.

విశాఖపట్నంలో నేను పనిచేసిన సముద్ర శబ్ద పరిశోధనాలయంలో చేసింది కూడా అదే పని, కాకపోతే తెడ్డు బదులు మైకులు. ఐదేళ్ళు విన్నాక ఒక సంగతి తేలింది. చేపలు గుడ్లు పెట్టే ప్రతిచోటుకీ దానిదైన సద్దు ఒకటుంటుంది. పగడపు దిబ్బలో రొయ్యల చిటపట, రాళ్ళ సందుల్లో నీటి పోటు, అక్కడే ఉండే చిన్న చేపల గొణుగుడు, అన్నీ కలిసిన సద్దు. అక్కడ పుట్టిన గుంపు ఎంత దూరం తిరిగినా గుడ్లతో కడుపు నిండేవేళకి ఆ సద్దుని వెతుక్కుంటూ వస్తుంది. దాన్ని రికార్డు చేసి ఇంకోచోట వినిపిస్తే అక్కడికే వస్తుంది.

మొదటి పరీక్షరోజు తెరమీద ఆకుపచ్చ మచ్చలా కదులుతున్న కానాగంతల గుంపు, మేం మీట నొక్కిన పదకొండు నిమిషాలకి, డిపోకి మళ్ళిన బస్సులాగా మలుపు తిరిగింది. మా డైరెక్టర్ విశ్వంభరరావు గారు టీలో చక్కెర కూడా వేసుకోరు. అలాంటిది ఆ రోజు అందరికీ జిలేబీలు తెప్పించారు. ఇక మీ పేటవాళ్ళు చేపలకోసం వెతుక్కోనక్కర్లేదమ్మా, చేపలే మీ పేటని వెతుక్కుంటాయి అన్నారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారని ఇప్పటికీ నమ్ముతాను. ఆ యంత్రానికి 'పిలుపు' అని పేరుపెట్టింది నేనే.

ఆ తర్వాతి నెలలో రాజధాని నుంచి కౌశిక్ అనే అధికారి వచ్చాడు. ద్వీప మైత్రీ విభాగమట. మృదువుగా మాట్లాడే మనిషి, అటెండరుని కూడా గారు అనేవాడు. మొరావె దీవులకి మన దేశం పన్నెండు తుఫాను హెచ్చరిక బోయాలు బహుమతిగా ఇస్తోందనీ, నీళ్ళమీద తేలే ఆ గుమ్మటాలు ఎక్కడ కట్టాలో చూసిరావడానికి ఒక మనిషి కావాలనీ చెప్పాడు. అంతకుముందు వెళ్ళిన రెండు బృందాలనీ దీవివాళ్ళు దిబ్బల దగ్గరికి రానివ్వలేదట. "మీరైతే వాళ్ళలో కలిసిపోతారు మేడమ్" అన్నాడు. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

మొరావె రేవులో దిగగానే చెక్కబల్ల మీద ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. దీవిమీద కాలుపెట్టే ప్రతి ఒక్కరూ అందులో నాలుగు గడులు నింపాలి. పేరు, ఊరు, వచ్చిన పని, వెళ్ళే రోజు. రాశాక రేవు పెద్ద ఆ వరసమీద తర్జుమా యంత్రం ఆనించి, రేవులో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా పైకి చదివిస్తాడు. వచ్చినవాడి పని ఊరంతటికీ తెలియాలని వాళ్ళ పద్ధతి. నా వరస చదివినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 'వచ్చిన పని: తుఫాను హెచ్చరిక బోయాల సర్వే.' ఒక ముసలమ్మ మాత్రం, తుఫాను వస్తే మా మోకాళ్ళు ముందే చెబుతాయి కదా అని ఏదో అంటే అందరూ నవ్వారు.

ఆ రేవు పెద్ద పేరు ఓరేము. ఎనభై దాటిన మనిషి. దిబ్బల కాపలా కూడా ఆయనదే. రెండురోజులు నన్ను పడవలో తిప్పాడుగానీ నోరు విప్పలేదు. మూడోరోజు నాకు విసుగొచ్చి, ఆయన తెడ్డు తీసుకుని నీళ్ళలోకి దించి పిడిని చెవి వెనకాల ఆనించాను. ఓరేము నన్నే చూశాడు. తర్వాత పళ్ళులేని నోటితో నవ్వి, రెండో తెడ్డు తీసుకుని తనూ అలాగే విన్నాడు. వాళ్ళ తాతల నుంచీ అదే పద్ధతట. మాకూ వాళ్ళకీ మధ్య తొమ్మిది వందల మైళ్ళ నీళ్ళున్నాయి.

ఆ రోజు ఆయన నన్ను మూడు చోట్లకి తీసుకెళ్ళాడు. మూడుచోట్లా ఇంజను కాదు, తెడ్డు కూడా నీళ్ళకి తగలనివ్వకుండా పడవని వాలుకే వదిలేశాడు. ఇవి చేపలు గుడ్లు పెట్టే చోట్లు, ఏటా రెండు నెలలు ఇక్కడికి పడవ రాదు, పిల్లలు రాయి కూడా విసరరు, మా సర్కారు పటంలో కూడా ఈ చోట్లు లేవు అని చెప్పాడు. చివర్లో మెడలో వేలాడే యంత్రం ఆయన మాటని నా భాషలోకి ఇలా మార్చింది.

"నీ చెవికి చెబుతున్నాను. నీ చేతికి కాదు."

ఆ సాయంత్రం అతిథిగృహంలో కూర్చుని సర్వే ఫారం నింపాను. పధ్నాలుగు పేజీలు. అన్నీ అయ్యాక చివరి గడి మిగిలింది: 'ఇతర వివరాలు'. పెన్ను పట్టుకుని అరగంట కూర్చున్నాను. 'లేదు' అని రాయొచ్చు. మాస్టారు ఆ దారి కూడా నేర్పారు. కానీ లేదని రాస్తే అబద్ధమవుతుంది కదా అనుకున్నాను. ఇంత మంచి సమాచారం తెచ్చిన మనిషి ఇంకెవరూ లేరని కూడా అనుకున్నాను. అదీ నిజం. మూడు చోట్లనీ అక్షాంశ రేఖాంశాలతో సహా రాసి, అక్కడ పడవ పక్కన చిన్న మైకు జారవిడిచి నేను తీసిన శబ్దాలు జతచేశాను. నా దస్తూరీ బాగుంటుందని మా ఆఫీసులో అందరూ అంటారు.

ఏడాది తిరక్కుండానే మన తీరంలో కొత్త పథకం మొదలైంది. పిలుపు యంత్రాలు తీరం పొడవునా దించారు, వాటి బాధ్యత నాకిచ్చారు. నేను రోజూ ఉదయం మీటలు చూసుకుని సంతకం పెట్టేదాన్ని. వాటిలో వినిపించే సద్దులు పైనుంచే వచ్చేవి. బహిరంగ సముద్రంలో తిరిగే గుంపులవని చెప్పారు, నేనూ అడగలేదు.

కొత్తమొగలో పడవలు మునిగేంత చేప పడింది. నేను ఇంటికెళ్తే పేటంతా చుట్టూ మూగేది. మా పోలమ్మత్త గంప నెత్తిమీద పెట్టుకునే ఆగి, "ఏటే రత్నం, మీ ఆపీసోలు సేపలకి కూడా జీతాలిస్తన్నారేటి? టయానికొచ్చి డూటీ ఎక్కేస్తన్నాయి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల గర్వంగా ఉండింది.

మా అయ్య నవ్వలేదు. పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని చేపలు కోస్తున్నాడు. నన్ను పిలిచి ఒక కానాగంత కడుపు చీల్చి చూపించాడు. నిండా గుడ్డు, పండిపోయి చితికిపోతున్న గుడ్డు. పేగులో తెల్లటి గరుకు ఇసక. మా సముద్రంలో ఇసక నల్లగా ఉంటుంది.

"ఇది గుడ్డెట్టాల్సిన సోటు ఒగ్గేసి పరిగెత్తుకొచ్చినాది" అన్నాడు అయ్య. "ఎవులి ఒడ్డుకాడ్నించి పిలిసినావే దీన్ని?"

నాకు తెలీదన్నాను. అది అప్పటికి నిజమే. ఆయన కత్తి కడుక్కుంటూ నాకు ఏడేళ్ళప్పటి సంగతి ఎత్తాడు. గాలివాలులో తెలియక పక్కపేట నీళ్ళలో వలేసి, ఒడ్డుకొచ్చాక తెలిసి, మొదటి గంప నెత్తిన పెట్టుకుని నన్ను వెంటేసుకుని ఎండలో ఆ పేటకి నడిచాడు. పరాయినీళ్ళ చేప పడితే ఆ ఒడ్డున దిగి, గంప దించి, మేమే పట్టాం అని చెప్పి రావాలి. అది మావాళ్ళ కట్టు. ఆ రోజు ఆ పేటవాళ్ళు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టారు. తలొంచుకుని నిలబడ్డాడు. అంతా అయ్యాక వాళ్ళే మాకు గంజి పోశారు. దారిలో నేను ఏడుస్తుంటే ఒక్క మాటన్నాడు: తిట్టించుకోడం కూడా ఏటలో పనే.

సోమవారం ఆఫీసుకెళ్ళి పిలుపు యంత్రాల పాత రికార్డులు తీశాను. గుంపులు ఎక్కడ మళ్ళాయో వెనక్కి వెనక్కి గీసుకుంటూ పోయాను. గీత తొమ్మిది వందల మైళ్ళు వెళ్ళింది. మొరావెకి బహుమతిగా కట్టిన పన్నెండు తుఫాను బోయాల్లోనూ మా పిలుపు యంత్రాలే ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి, చేయిపట్టుకుని నడిపించినట్టు, గుంపుల్ని దాటించాయి. గీత మొదలైన మూడు చుక్కలూ నేను ఫారంలో రాసిన మూడు చోట్లు.

విశ్వంభరరావు గారు నా మాట వింటూ లేచి తలుపు మూశారు. ఆయనకి మూడు నెలలుగా తెలుసు. మొరావె ఉత్తరపు ఓడరేవు మన నౌకలకి ఇవ్వమని మనవాళ్ళు అడిగారనీ, వాళ్ళ సభ ఏ దేశానికీ ఇచ్చేది లేదందనీ, ఆ తర్వాతే పై నుంచి కాగితం వచ్చిందనీ చెప్పారు. ఆయన నా మొహం చూడకుండా కిటికీ చూస్తూ మాట్లాడారు. తర్వాత ఫోన్లో కౌశిక్‌తో మాట్లాడించారు. అతని గొంతులో మార్పేం లేదు.

"ఒక్క తూటా పేల్చలేదు మేడమ్, ఒక్క ఆంక్ష పెట్టలేదు. ఇంకో పెద్ద దేశమైతే యుద్ధనౌక పంపేది. మేం చేపల్ని పిలిచాం, అంతే. వాతావరణం మారిందని వాళ్ళే అనుకుంటున్నారు."

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి మిగతావాటికన్నా ఎక్కువసేపు పట్టింది. ఆ ఫోన్ పెట్టేశాక నాలుగు నెలలు నేను ఊరుకున్నాను. రోజూ ఉదయం మీటలు చూసుకుని సంతకం పెట్టాను. భయమేసింది. మా పేట బడిలో గోడమీద నా ఫోటో ఉంది. నా వెనక ఇంకో నలుగురు ఆడపిల్లలు ఇంటరు దాటారు, నన్ను తీసేస్తే వాళ్ళని మాన్పించేస్తారు అని చెప్పుకున్నాను. జరిగింది చెబుతూ ఒక ఉత్తరం రాసి, పంపకుండా బీరువాలో పెట్టాను. వార్తల్లో మొరావె కనిపిస్తే టీవీ కట్టేసేదాన్ని. ఒకరోజు కట్టేసేలోపల ఒక దృశ్యం చూశాను. మన ఓడ వాళ్ళ రేవులో సహాయసామగ్రి దించుతోంది. డబ్బాల్లో పెట్టిన చేప. డబ్బామీద మన జెండా. కింద చిన్న అక్షరాల్లో ఫ్యాక్టరీ ఊరి పేరు. అది మా కొత్తమొగ చేప వెళ్ళే ఫ్యాక్టరీ. వాళ్ళ చేపనే మేం డబ్బాలో పెట్టి వాళ్ళకి దానం చేస్తున్నాం. వరసలో నిలబడిన ఒకామె ఆ డబ్బాని రెండుచేతులా కళ్ళకద్దుకుంది.

అయ్యకి చెప్పాను ఆ వారమే. ఆయన తిట్టలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో చేప వండలేదు, అంతే. పడవ బయటికి తీయలేదు. ఒంట్లో బాగోలేదని పేటలో చెప్పాడు.

ఆఖరికి మొరావె సభ లొంగింది. ఓడరేవు ముప్పై ఏళ్ళకి రాసిస్తామంది. మన మంత్రిగారు సంతకాలకి వెళ్తారనీ, సంతకాలు అయిన మర్నాడు చేపలు తిరిగి రావడం మొదలవుతుందనీ, మన శాస్త్రవేత్తలే వాటిని వెతికి తెచ్చారని ప్రకటిస్తారనీ కౌశిక్ చెప్పాడు. దీవివాళ్ళకి నమ్మకమైన మనిషి పక్కన ఉంటే బాగుంటుందన్నాడు. ఆ మూడుచోట్ల అసలు సద్దుని బోయాల నుంచి వినిపించే అరచేతిపాటి పెట్టె ఒకటి తయారుచేయించారు. పన్నెండు బోయాలకీ అదే తాళం. దాన్ని మోసుకెళ్ళే పని నాది.

బయల్దేరేముందు ఇంటికెళ్ళాను. అయ్య గడపలో ఒక తాటాకు గంప పెట్టుకుని కూర్చున్నాడు. అందులో ఎండబెట్టిన కానాగంతలు, ఆ రోజు పెరట్లో కోసినవాటిలో ఉప్పేసి దాచినవి. నాకు ఆయన చెప్పాల్సిన అవసరం లేకపోయింది, అయినా చెప్పాడు.

"ఎల్లి సెప్పిరా. తిడతారు. తిట్టించుకో."

మా ఓడ మొరావె చేరేసరికి మధ్యాహ్నం. రేవంతా రంగుకాగితాలు. బాజాలు మోగుతున్నాయి. మంత్రిగారు ముందు దిగి పుస్తకంలో రాశారు, తర్వాత మిగతావాళ్ళు. ఓరేము ఒక్కొక్క వరసమీదా యంత్రం ఆనిస్తున్నాడు. స్నేహయాత్ర, స్నేహయాత్ర, స్నేహయాత్ర అని అది చదువుతోంది. ఆయన బాగా చిక్కిపోయాడు. మెడలో యంత్రం తాడు మునుపటికన్నా పొడుగైనట్టు వేలాడుతోంది. నన్ను గుర్తుపట్టి, పిడికిలి చెవి వెనకాల పెట్టి చూపించాడు. తెడ్డు అని సైగ. పక్కనున్న ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వారు. ఒక పాప పూలదండ పట్టుకుని నా వంతు కోసం చూస్తోంది.

పెన్ను తీసుకున్నాను. పాత పేజీలు కొన్ని తిరగేసి చూశాను. 'తుఫాను హెచ్చరిక బోయాల సర్వే', నా దస్తూరీనే, గుండ్రంగా. కౌశిక్ నా భుజం పక్కకి వంగి, స్నేహయాత్ర అనే రాయండి మేడమ్, అందరం అదే రాశాం అన్నాడు.

పేరు రాశాను. ఊరు కొత్తమొగ అని రాశాను. మూడో గడి చిన్నది, అక్షరాలు ఇరికించాల్సి వచ్చింది. 'మీ చేపలు ఎక్కడికీ పోలేదు. మా బోయాలు పిలిచి తీసుకెళ్ళాయి. ఓడరేవు కోసం. చెప్పడానికి వచ్చాను.'

కౌశిక్ తెలుగు చదవలేడు. ఏదో పొడుగ్గా రాస్తున్నాననుకుని చిరునవ్వుతోనే నిలబడ్డాడు. ఓరేము యంత్రం ఆనించాడు. అది వాళ్ళ భాషలో, ఎప్పటిలాగే ఏ భావమూ లేని గొంతుతో, రేవంతటికీ చదివి వినిపించింది. బాజాలు ఒక్కసారిగా ఆగలేదు. ముందు దగ్గరున్నవాళ్ళవి ఆగాయి, దూరంగా ఉన్న డప్పు ఒకటి ఇంకాసేపు మోగింది. దండ పట్టుకున్న పాపని వాళ్ళమ్మ వెనక్కి లాక్కుంది.

ఓరేము యంత్రాన్ని ఇంకోసారి ఆనించి, ఇంకోసారి విన్నాడు. తర్వాత నన్నడిగాడు.

"ఆ మూడు చోట్లు మీవాళ్ళకి ఎవరు చెప్పారు?"

దానికి పుస్తకంలో గడి లేదు.

"నేనే. రాసిచ్చాను."

గంప కింద దించాను. మా అయ్య పంపాడని చెప్పి మూత తీశాను. ఎండుచేపల మధ్యలో ఆ అరచేతిపాటి పెట్టె ఉంది. మీ మూడు చోట్ల సద్దు ఇందులో ఉంది, ఎడమవైపు మీట నొక్కితే చేపలు తిరిగొస్తాయి, దీనికి ఏ సంతకమూ అక్కర్లేదు అన్నాను. కౌశిక్‌కి అప్పుడర్థమై చెయ్యి ముందుకి చాచాడు. కానీ మునుపు తుఫాను గురించి మోకాళ్ళ జోక్ వేసిన ముసలమ్మ అప్పటికే గంప ఎత్తి చంకన పెట్టుకుంది. అంతమంది చూస్తుండగా ఒక ముసలామె చంకలోంచి గంప లాక్కోవడం అతని మర్యాదకి కుదర్లేదు.

నేను తలొంచుకుని నిలబడ్డాను, తిట్లకోసం. ఒక్కరూ తిట్టలేదు. ఓరేము ఒక ఎండుచేప తీసి, వాసన చూసి, మళ్ళీ గంపలోనే పెట్టాడు. ఆ పక్కపేటవాళ్ళు మా అయ్యకి పోసిన గంజి గుర్తొచ్చింది. నాకెవరూ ఏమీ పొయ్యలేదు. అది న్యాయమే.

ఇంకా నాలుగో గడి మిగిలింది, 'వెళ్ళే రోజు'. అలవాటుకొద్దీ పెన్ను మళ్ళీ అక్కడికే వెళ్ళింది. మా ఓడ తిరుగుప్రయాణం ఎల్లుండి. ఓరేము తన ముడతల చేతిని ఆ గడిమీద పరిచాడు.

"ఇది వదిలెయ్. నువ్వు రాసిచ్చినదంతా మా సభ ముందు నీ నోటితో చెప్పాలి. ఎన్ని రోజులు పడుతుందో మాకు తెలియదు."

మంత్రిగారి ఓడ సంతకాలు లేకుండానే ఆ సాయంత్రం వెళ్ళిపోయింది. నేను ఈ రేవుగదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. కిటికీలోంచి చెక్కబల్ల మీది పుస్తకం కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే వెళ్ళి నా వరస చూసుకుంటాను. ఆ గడి ఖాళీగానే ఉంది.